రీలు చివర మిగిలినవి

నేను చెన్నైలో పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ని. మాది గూడూరు దగ్గర పల్లె. ఇంటర్ తప్పి 1994లో మద్రాసు బండెక్కాను. వడపళనిలో ఒక తెలుగాయన స్టూడియోలో లైట్లు పట్టుకునే పనికి కుదిరి, మెల్లగా కెమెరా పట్టుకున్నాను. అప్పటినుంచి డిజిటల్ వచ్చేదాకా తీసిన నెగటివ్‌లు ట్రంకు పెట్టెల్లో పడి ఉంటే, ఈ మధ్య ఆషాఢాల్లో, మూఢాల్లో, పెళ్లిళ్లు లేని రోజులు చూసుకుని అన్నీ స్కాన్ చేశాను. మిషను ఏది, ఖర్చెంత, రంగులు ఎలా రాబట్టావని తోటివాళ్లు ఫోన్లు చేస్తున్నారు. అందరికీ ఒకేసారి చెప్పినట్టుంటుందని రాస్తున్నాను. స్కానింగ్‌లో నా గురించి నాకే తెలియని సంగతి ఒకటి బయటపడింది, అదీ చెప్తాను.

ముందు రీలు లెక్క తెలియాలి. ఇప్పటి పిల్లలకి రీలంటే ఫోన్లో చూసేది. అప్పట్లో ఒక రీలుకి 36 ఫోటోలు. రీలు డబ్బీ బయటికి ఉండే తోక జాగ్రత్తగా ఎక్కిస్తే 37, అదృష్టం బాగుంటే 38 వచ్చేవి. రీలు నూరు రూపాయలకి అటూ ఇటూ ఉండేది. కడిగించడం, మ్యాక్సీ సైజు ప్రింట్లు వేయించడం వేరే. పెళ్లి పార్టీ వాళ్లు పది రీళ్లకి ఒప్పుకుంటే పదకొండో రీలు మన జేబులోంచే. కాబట్టి ప్రతి క్లిక్కూ లెక్కే.

మా మాస్టారు ఆ లెక్కలో ఘటికుడు. ఆయన వాహినీ స్టూడియోలో ఒక స్టిల్ ఫోటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంటుగా మొదలుపెట్టారు. తెలుగు సినిమా హైదరాబాదుకి తరలిపోయాక, ఇల్లూ పిల్లల చదువులూ ఇక్కడే ఉన్నాయని ఆగిపోయి పెళ్లిళ్లలోకి దిగారు. గ్రూపు ఫోటోలకి యాషికా మ్యాట్ 124జీ. అందులో రీలుకి పన్నెండే ఫ్రేములు. మిగతా పెళ్లంతా రెండు నికాన్ ఎఫ్‌ఎం2లు. బ్యాటరీ చచ్చిపోయినా షటర్ పడే కెమెరా అది, లైటు కొలిచే మీటరుకి తప్ప దానికి బ్యాటరీ అక్కర్లేదు. జీలకర్ర బెల్లానికి పావుగంట ముందు చేతిలో ఉన్న కెమెరాలో కొత్త రీలు ఉండి తీరాలి. తెర తీసే క్షణంలోనో, తాళి కట్టే క్షణంలోనో రీలు అయిపోయిందంటే ఆ ఫోటోగ్రాఫర్‌ని పెళ్లివారు జన్మలో మర్చిపోరు. కొత్త రీలు ప్యాంటు ఎడమ జేబులో, అయిపోయింది కుడి జేబులో. అయిపోయిన రీలు తోక మొత్తం లోపలికి చుట్టేయాలి. తోక బయట ఉంటే ఆ గందరగోళంలో దాన్నే మళ్లీ ఎక్కించేస్తాం, ఒక పెళ్లి మీద ఇంకో పెళ్లి పడుతుంది. ఈ అలవాట్లన్నీ ఆయన తిట్లతో నేర్పారు. మెమరీ కార్డులు కూడా నేను ఇప్పటికీ కుడి జేబు, ఎడమ జేబు పద్ధతిలోనే పెట్టుకుంటాను.

ముహూర్తానికని మాస్టారు కొత్త రీలున్న కెమెరా తీసుకుంటే, సగంలో ఉన్న కెమెరా నా మెడలో పడేది. అప్పగింతలయ్యాక చూస్తే ఏదో ఒక దాంట్లో నాలుగో ఐదో ఫ్రేములు మిగిలేవి. ఆ రీలు అలా ఆపుకోవడానికి లేదు, పెళ్లివారు మర్నాడే ప్రింట్లు చూపించమంటారు. "మిగిలినవి ఏదోటి కొట్టేసి ల్యాబులో ఇచ్చెయ్ అబ్బయ్యా, ఫ్రేము ఊరికే పోకూడదు" అనేవారు మాస్టారు. నేను స్టూడియోకి తిరిగి వెళ్లే దారిలో ఏదో ఒకటి తీసి, రీలు చుట్టేసి, ల్యాబులో పడేసేవాణ్ని. పెళ్లివి మాత్రం ప్రింట్ వేయమని చెప్పేవాళ్లం. చివరివాటికి ప్రింటు ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? అవి నెగటివ్‌గానే కవర్లోకి, కవరు పెట్టెలోకి. ఇది 1994 నుంచి 2006 దాకా సాగింది. మాస్టారు స్టూడియో మూసేసినప్పుడు పెట్టెలన్నీ నాకే ఇచ్చారు.

2015 డిసెంబరు 1 రాత్రి చెంబరంబాక్కం చెరువు నీళ్లు అడయారు నదిలోకి వదిలాక జాఫర్‌ఖాన్‌పేటలో మా ఇంట్లోకి నడుములోతు వచ్చింది. పైన పెట్టినవి మిగిలాయి, కిందిపెట్టెలు మునిగాయి. కలర్ ల్యాబులో పనిచేసిన స్నేహితుడొకడు ఫోన్ కలిసినప్పుడు చెప్పాడు: తడిసిన నెగటివ్‌ని కవర్లో ఆరనివ్వొద్దు, ఆరితే ప్లాస్టిక్‌కి అతుక్కుని బొమ్మంతా దానితో ఊడొస్తుంది, శుభ్రమైన చల్లటి నీళ్లలోనే ఉంచి ఒక్కొక్కటే తీసి కడిగి వేలాడదీయమని. ఊరంతా నీళ్లే, కానీ శుభ్రమైన నీళ్లు ఎక్కడివి? తాగడానికి తెచ్చుకున్న వాటర్ క్యానులు బకెట్లలోకి వంచాను. మా ఆవిడ ఏమీ అనలేదు, చూసిన చూపే చాలు. బట్టల తీగ మీద, క్లిప్పులతో, బట్టలకి బదులు పెళ్లిళ్లు ఆరేశాం. కొన్ని దక్కాయి. కొన్నిటి మీద బొమ్మ ఉండే జెలటిన్ పొర జారిపోయి వట్టి ప్లాస్టిక్ మిగిలింది. ఉన్నవాటిని ఎప్పటికైనా కంప్యూటర్లోకి ఎక్కించాలన్న పట్టుదల అప్పుడు పుట్టింది. ఎక్కించడానికి మాత్రం ఏళ్లు పట్టింది, అది వేరే సంగతి.

ఇక పని. ల్యాబులో ఇస్తే ఫ్రేముకింత అని తీసుకుంటారు, వేలల్లో ఉన్నవాడికి అది కుదరదు. ఫ్లాట్‌బెడ్ స్కానర్ నత్తనడక. అందుకని కెమెరాతోనే నెగటివ్‌ని ఫోటో తీశాను. ఉంగరాలు, నగలు తీయడానికి కొన్న మాక్రో లెన్సు ఉంది, 24 మెగాపిక్సెల్ బాడీ ఉంది. స్టాండు కొనలేదు. మాస్టారి డార్క్‌రూమ్‌లో ప్రింట్లు పెద్దవి చేసే ఎన్‌లార్జర్ తల తీసేసి, ఆ స్తంభానికే కెమెరా కిందికి చూసేట్టు బిగించాను. కింద ఎల్‌ఈడీ ప్యానెల్. ఇక్కడ చవక లైటు వద్దు, దాని రంగు సమంగా ఉండదు, చర్మం రంగు ఎంత దిద్దినా వచ్చి చావదు. డబ్బా మీద సీఆర్‌ఐ, అంటే రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 95 పైన ఉన్నది చూసి కొనండి. ఖర్చల్లా దానికీ, ఫిల్మ్ పట్టుకునే హోల్డరుకీ అయ్యింది.

కెమెరా, నెగటివ్ సమాంతరంగా లేకపోతే ఒక మూల షార్పు, ఇంకో మూల మసక. దీనికి చిట్కా అద్దం. నెగటివ్ పెట్టే చోట చిన్న అద్దం పెట్టి కెమెరాలోంచి చూస్తే లెన్సుకి తన బొమ్మే కనిపిస్తుంది. అది సరిగ్గా మధ్యలోకి వచ్చేదాకా కదపడమే. ఐఎస్‌ఓ 100, ఎఫ్8, రిమోట్, గదిలో దీపాలన్నీ ఆర్పేయడం, ఫ్యాను కూడా. చెన్నైలో ఫ్యాను లేకుండా కూర్చోవడమే ఈ పనిలో అసలు కష్టం. రా (RAW) ఫైలుగా తీసి, రెండు ఫ్రేముల మధ్య ఉండే ఖాళీ నారింజ రంగు మీద వైట్ బ్యాలెన్స్ కొట్టి, తర్వాత కంప్యూటర్లో నెగటివ్‌ని పాజిటివ్‌గా మారిస్తే రంగులు చాలామటుకు దారికొస్తాయి. వీడియో తీసేవాడి లైటు పడ్డవి రావు. ఆ హాలోజెన్ పక్కనుంచి కొడితే పెళ్లికూతురు చెంప ఒకవైపు పసుపు రాసినట్టే ఉంటుంది, ఈ సాఫ్ట్‌వేర్లు వచ్చినా అంతే.

బూజు పట్టినవాటిని నీళ్లతో తుడవకండి. బూజు తిన్న జెలటిన్ నీళ్లలో కరిగిపోతుంది. ఫిల్మ్ క్లీనర్ గానీ, నీళ్లు కలవని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గానీ వాడాలి. పాత బ్లాక్ అండ్ వైట్‌లో వెనిగర్ వాసన వస్తే వాటిని వెంటనే వేరే పెట్టెలో పెట్టండి. ఎసిటేట్ ఫిల్మ్ వేడికీ తేమకీ కుళ్లడం మొదలైతే ఆ ఆవిరి పక్కవాటిని కూడా పాడుచేస్తుంది. మాస్టారి బ్లాక్ అండ్ వైట్ పోర్ట్రెయిట్లు అలా కొన్ని వంకర్లు పోయి ఉన్నాయి. వాటి మీద పెన్సిల్‌తో ఆయన చేసిన టచింగ్ ఇప్పటికీ కనిపిస్తుంది. కళ్ల కింద నలుపు, బుగ్గ మీద గుంట, అన్నీ నెగటివ్ మీదే సన్నటి గీతలతో పూడ్చేసేవారు. ఫోటోషాప్ వచ్చి ఫోటో అబద్ధమైందనేవాళ్లకి ఇవి చూపించాలి. ఆ మాటకొస్తే 1858లో మదురై, తంజావూరు గుళ్లని కాగితం నెగటివ్‌ల మీద తీసిన లినియస్ ట్రైప్ అనే దొర కూడా నెగటివ్ మీద బ్రష్షుతో మబ్బులు దిద్దినవాడే.

ఏ రీలు ఏ ఏడుదో కవర్ల మీద రాయనివి చాలా ఉన్నాయి. ఫిల్మ్ అంచు మీద కంపెనీ పేరు, రకం ఉంటాయి, దాన్ని బట్టి కొంత పోల్చుకోవచ్చు. నావాటిలో కోనికాలే ఎక్కువ. ఆ కంపెనీ 2006 జనవరిలో ఫిల్మ్, కెమెరాలు రెండూ మానేస్తున్నామని చెప్పింది. అదే నెలలో నికాన్ కూడా ఫిల్మ్ కెమెరాల్లో రెండు తప్ప దాదాపు అన్నీ ఆపేస్తామంది. నేను డిజిటల్ కొన్నదీ ఆ సంవత్సరమే.

ఇంకొక్కటి. నెగటివ్ తిరగేసి పెడితే కుడి ఎడమలు మారిపోతాయి. నేను చీర చూసి పట్టుకునేవాణ్ని, పైట కుడి భుజం మీద ఉంటే తిరగబడినట్టే. ఈ లెక్క షావుకారుపేట పెళ్లిళ్ల దగ్గర బోల్తా కొట్టింది. మార్వాడీ, గుజరాతీ ఆడవాళ్లు కొంగు కుడి భుజం మీదనుంచి ముందుకి వేసుకుంటారు. ఒక పెళ్లంతా తిప్పేశాక గోడ మీద బోర్డులో అక్షరాలు ఉల్టా కనిపించి మళ్లీ మొదటికొచ్చాను.

మొదట్లో నేను పెళ్లి ఫ్రేములే చూసుకుంటూ వెళ్లాను. రీలు చివరివి అడ్డొచ్చినట్టు ఉండేవి. నా దగ్గర పనిచేసే కుర్రాడు, తిరుపతివాడు, పక్కన కూర్చుని ఫైళ్లకి పేర్లు పెడుతుంటే ఒకచోట ఆగాడు.

"అన్నా, ఇది ఎవరి పెళ్లి?"

"పెళ్లి కాదురా. రీలు చివర."

"ఎవరు తీసింది?"

"నేనే. ఇంకెవరు తీస్తారు?"

వాడు నా ముఖం వంక చూశాడు, నమ్మనట్టు. తెర మీద కల్యాణ మండపం వంటశాల. గాడిపొయ్యి పక్కన ఇద్దరు వంటవాళ్లు బోర్లించిన గంగాళాలకి ఆనుకుని నిద్రపోతున్నారు. తర్వాతి ఫ్రేములో నాదస్వరం ఆయన వాయిద్యం ఒళ్లో పెట్టుకుని కాఫీ ఊదుకుంటున్నాడు. ఇంకోదాంట్లో పెళ్లికూతురి తండ్రి, అందరూ వెళ్లిపోయిన హాల్లో, చదివింపుల పుస్తకం ముందేసుకుని వేళ్ల మీద కూడుతున్నాడు. నేను వాటిని తీసినట్టు గుర్తుంది, చూసిన గుర్తు లేదు. చూడలేదు కూడా. ప్రింటే వేయలేదు గదా! పాతికేళ్ల తర్వాత నా ఫోటోలని నేను మొదటిసారి చూస్తున్నాను.

అప్పటినుంచి వరస మార్చాను. ప్రతి రీలూ చివరి నుంచి మొదలుపెట్టాం. వడపళని నూరడుగుల రోడ్డు, మధ్యలో మెట్రో స్తంభాలు లేకుండా, తెల్లవారుజామున ఒక్క పల్లవన్ సిటీ బస్సుతో. (కోయంబేడు నుంచి ఆలందూరుకి మెట్రో 2015 జూన్‌లో మొదలైంది, ఆ స్తంభాలు లేని రోడ్డు ఎలా ఉండేదో నాకే మరుపొచ్చింది.) కోయంబేడులో పూల బుట్టలు దింపుతున్న లారీ. మండపం ముందు కట్టిన అరటిచెట్లని గెలలతో సహా రిక్షాలో వేసుకుపోతున్న ముసలాయన. ఎంగిలాకుల గుట్ట దగ్గర ఆవులు. మా మాస్టారు స్కూటర్ మీద కూర్చుని, హెల్మెట్లో రీళ్లు పోసుకుని లెక్కపెట్టుకోవడం.

వరసగా వందలకొద్దీ చూస్తే కొన్ని సంగతులు తెలుస్తాయి. పెళ్లి ఫ్రేముల్లో ముఖం ఎప్పుడూ నడిమధ్యనే. అది మాస్టారి బడి, తల తెగితే పార్టీ ఒప్పుకోదు. రీలు చివరికొచ్చేసరికి మనుషులు అంచులకి జరిగారు, మధ్యలో ఖాళీ నేల. ఒక్కదాంట్లోనూ ఫ్లాష్ లేదు. ఇదేదో నా కళాదృష్టి అనుకోవద్దు, పెళ్లయ్యేసరికి ఫ్లాష్ బ్యాటరీలు చచ్చిపోయేవి. లైటు చాలక షటర్ సెకనులో 30వ వంతులోనో, 15వ వంతులోనో పెట్టాల్సి వచ్చేది, చేతులు వణుకుతాయని ఏ స్తంభానికో తలుపుకో ఆనుకునేవాణ్ని. అందుకే సగం ఫోటోల్లో ఓ పక్క మసగ్గా ఏదో అంచు ఉంటుంది. మా కుర్రాడు దాన్ని "అన్న స్టైల్" అంటున్నాడు. పోనీలెమ్మని ఊరుకున్నాను.

ఎవరైనా ఫోటోగ్రాఫర్ని ఎందుకు తీస్తావని అడిగితే చాలా మాటలు చెప్తారు. సభల్లో విన్నాను, జ్ఞాపకమంటారు, కాలమంటారు. నా విషయంలో జవాబు చిన్నది. రీలు పూర్తి చేయడానికి తీశాను. ఫ్రేము ఊరికే పోకూడదన్న పిసినారితనం లేకపోతే ఇందులో ఒక్కటీ ఉండేది కాదు. ఎవరూ అడగరు, ఎవరూ చూడరు, డబ్బు ఇప్పటికే ఇంకొకరు కట్టేశారు. అంత స్వేచ్ఛ నాకు మళ్లీ ఎప్పుడూ దొరకలేదు.

దొరకలేదని ఊరికే అనడం లేదు, వెతికి చూశాను. 2007 నుంచి హార్డ్ డిస్కులన్నీ తెరిచాను. పెళ్లికి వేలల్లో ఫోటోలు. కరిజ్మా ఆల్బములు, క్యాండిడ్, ప్రీ వెడ్డింగ్, తర్వాత డ్రోన్, అన్నీ ఫోల్డర్లు కట్టి ఉన్నాయి. మండపం దాటాక తీసింది మాత్రం దాదాపు ఏమీ లేదు. కార్డుకి చివరంటూ ఉండదు, నిండకముందే ఇంకోటి ఉంటుంది. క్లిక్కుకి పైసా ఖర్చు లేని రోజులొచ్చాయి, అప్పుడే నాకోసం నేను ఫోటోలు తీసుకోవడం మానేశాను. ఎవరూ ఆపలేదు. పూర్తి చేయాల్సిందేమీ లేక కెమెరా సంచిలో పెట్టేసి బండెక్కేవాణ్ని, అంతే.

అలాగని ఫిల్మ్ రోజులే బంగారమని నేననను. ఫిల్మ్‌లో ఆత్మ ఉందనే కుర్రాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు, వాళ్లతో నాకు పడదు. కలర్ నెగటివ్ డెవలపర్ 38 డిగ్రీల దగ్గర మూడుంబావు నిమిషాలు. ఆ వేడి కాస్త తప్పినా, కెమికల్ పాతబడినా ఒకరి పెళ్లి మొత్తం పోతుంది. ప్రింట్లు చేతికొచ్చేదాకా కడుపులో ఆ టెన్షన్ మోసినవాడెవడూ మళ్లీ కావాలనడు. ఫోటో అక్కడికక్కడే వెనక తెర మీద కనిపించడం నాకు ఇవాళ్టికీ వరమే.

అన్నీ అయ్యాక తోటి ఫోటోగ్రాఫర్లు ఇవి బయట పెట్టమన్నారు. 2016లో చెన్నై ఫోటో బియనాలే అనే ఫోటోల పండగ మొదలైనప్పటినుంచి ఇలాంటివి చూసే జనం ఊళ్లో పెరిగిన మాట నిజమే. కానీ నాకో అనుమానం వచ్చింది, ఇవి ఎవరివి? తెలిసిన లాయర్‌ని అడిగాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. అంటే ఇన్నేళ్లుగా నేను కష్టపడి తీసిన పెళ్లి ఫోటోలు నావి కావు, పెళ్లివాళ్లవి. రీలు చివరివి ఎవరూ తీయించుకోలేదు కాబట్టి వాళ్లవి కావు. మాస్టారి దగ్గర జీతానికున్నప్పటి సంగతి మాత్రం కొంచెం చిక్కే, ఉద్యోగంలో భాగంగా తీసింది యజమానికి చెందుతుంది. "అది ఉద్యోగంలో భాగమా, దారిలో తీసిందా అన్నది వాదించుకోవాలి" అన్నాడాయన. వాదన ఎందుకని మాస్టారబ్బాయికి ఫోన్ చేశాను, హైదరాబాదులో ఉంటాడు. "ఏం కావాలంటే అది చేసుకో అన్నా, నాన్న స్కూటర్ ఫోటో మాత్రం పెద్దది పంపు" అన్నాడు. పంపాను.

పెళ్లివాళ్లకి వాళ్ల నెగటివ్‌లు ఇచ్చేద్దామని కవర్ల మీది నంబర్లకి ఫోన్లు చేస్తే చాలావరకు పాత ల్యాండ్‌లైన్లు, మోగవు. దొరికినవాళ్లలో కొందరు పరుగున వచ్చారు, ఒకావిడ విడాకులయ్యాయండీ వద్దంది. స్కాన్లు మూడు చోట్ల ఉంచాను. ఒక డిస్కు ఇక్కడ, ఒకటి గూడూరులో మా తమ్ముడి దగ్గర, ఒక కాపీ క్లౌడ్‌లో. అడయారు అంత దూరం రాదు. మా ఆవిడ అన్నీ చూసి, మన పెళ్లి ఫోటోలు మాత్రం ఇంకెవరో తీశారు కాబట్టి బాగున్నాయంది. మినీ డీవీ వీడియో క్యాసెట్లు ఇంకా అలాగే ఉన్నాయి, వాటి జోలికి వెళ్లలేదు.

మొన్న శ్రావణంలో పెరంబూరులో పెళ్లి అయ్యాక మా కుర్రాడి చేతికి రెండో కెమెరా ఇచ్చి, ఇంటికెళ్లే దారిలో నీకోసం ఓ ఐదు ఫోటోలు తీసుకో, ఐదే, ఎక్కువ తీస్తే ఒప్పుకోను, నాకు చూపించక్కర్లేదు అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, "దీనికి వేరే బ్యాటా ఉంటుందా అన్నా?" అన్నాడు.

ఉంటుందన్నాను. టీకి, పెట్రోలుకి సరిపడా.